తువ్వాల కింది లెక్కల సారు

సదానందం నోటితో అంకె చెప్పడు. పీక మీద కత్తి పెట్టినా చెప్పడు. వయసు, బస్సు నంబరు, చెప్పుల సైజు, పప్పులో ఎన్ని మిరపకాయలు వెయ్యాలో, ఏదైనా సరే, భుజం మీది ఎర్రగళ్ల తువ్వాల తీసి అడిగినవాళ్ల చేతి మీద కప్పుతాడు. కింద నుంచి వాళ్ల వేళ్లు పట్టుకుని నొక్కుతాడు. అర్థమైతే సరే, కాకపోతే ఇంకొంచెం గట్టిగా నొక్కుతాడు. హనుమకొండలో ఆయన చేతిలో వేళ్లు నలగని మనిషి లేడు. ఒకరిద్దరు ఉన్నారంటే వాళ్లు ఈమధ్యే బదిలీ మీద వచ్చినవాళ్లయి ఉంటారు.

ఈ అలవాటు ఎనుమాముల మార్కెట్లో పుట్టింది. వరంగల్ రైతులు మిర్చి తెచ్చే ఆ మార్కెట్లో, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో సదానందం బేరాలు కుదిర్చేవాడు. ఆ దుకాణంలో పాత పద్ధతి. కొనేవాడు, అమ్మేవాడు తువ్వాల కింద చేతులు కలిపేవారు. వేలు పట్టుకుంటే ఒకటి, అరచెయ్యి మొత్తం పట్టుకుంటే ఐదు, పిడికిలి మూస్తే సున్నా, గోటితో గీరితే సగం. చుట్టూ జాతరంత జనమున్నా ఆ ధర ఆ చేతులకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు. తర్వాత ధరలు తెర మీద అందరికీ కనబడేలా పడటం మొదలైంది. "రైతుకు గదే మంచిది" అని సదానందమే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, తువ్వాల దులుపుకుని, పని మానేసి ఇంటికి వచ్చేశాడు. అలవాటు కూడా ఆయనతో పాటే ఆటో ఎక్కి వచ్చేసింది.

దవాఖానలో డాక్టరు బీపీ చూసి చెప్పబోతే సదానందం ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగుండ్రి సార్, బయట మంది కూసున్నరు" అని తువ్వాల పరిచాడు. డాక్టరుకు విద్య వంటబట్టడానికి కొన్నాళ్లు పట్టింది. ఇప్పుడాయన మిగతా రోగుల వేళ్లు కూడా పరధ్యానంగా నొక్కేస్తున్నాడని, ఒకావిడ దవాఖానే మార్చేసిందని వినికిడి.

గ్యాస్ బండ తెచ్చినతను "ఓటీపీ చెప్పు పెద్దాయనా" అన్నాడు ఒకసారి.

"చెయ్యి తే."

"చెయ్యెందుకు?"

"ఫోన్ల ఏం రాసిండ్రు? ఎవ్వరికీ చెప్పొద్దని రాసిండ్రు. నేను చెప్తలేను, నొక్కుతాన."

అతను బండ గేటు దగ్గరే వదిలేసి మళ్లీ వెనక్కి చూడలేదు. "ఫోన్లకొచ్చే మెసేజులల్ల తెలివైన ముచ్చట గదొక్కటే" అని సదానందం అందరికీ చెబుతుంటాడు.

ఆయన భార్య పూలమ్మ బాధ వేరు. "మీ ఆయనకు ఎన్నేండ్లని ఎవలన్న అడిగితే నేనేం జెప్పాలె? పెండ్లయిన కాడ్నించి నాకే తెల్వదాయె. ఓసారి నొక్కిండు గని అప్పుడు చేతులకు గోరింటాకు ఉండె, సమజ్ కాలే" అంటుంది.

ఈ సంసారంలోకి రమ కోడలిగా వచ్చింది కూడా ఆ తువ్వాల కింది నుంచే. పెళ్లిచూపుల్లో చాయ్ తాగడం అయ్యాక పెళ్లికొడుకు రాంప్రసాద్ మేనత్త, హాలంతా వినబడే గొంతుతో, "ఇంటర్ల లెక్కలల్ల ఎన్నొచ్చినయ్ పిల్లా?" అని అడిగింది. రమ వాళ్లమ్మ ఉన్నట్టుండి మురుకుల గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. రమ ఖాళీ చాయ్ కప్పులు ఏరసాగింది. అంతలో సదానందం లేచి, "మా ఇంట్ల అంకెల ముచ్చట నాది" అంటూ వచ్చి పిల్ల చేతి మీద తువ్వాల కప్పేశాడు. ఆడపెళ్లివారు అదిరిపోయారు. ఒకాయన చెప్పులు కూడా వేసుకున్నాడు. వేళ్ల లెక్క రమ చెవిలో చెప్పి, ఆమె నొక్కింది అందుకుని, సదానందం తువ్వాల ఎత్తి భుజాన వేసుకున్నాడు.

"బేరం ఖాయం. పిల్ల మాదే."

"ఎన్నొచ్చినయ్ అన్నా?" అంది మేనత్త.

"ఖాయమన్న గద చెల్లె."

ఆ మేనత్త ఇప్పటికీ బతుకమ్మకు వచ్చినప్పుడల్లా రమను పక్కకు పిలిచి, "గిప్పుడన్న చెప్పే, ఎన్నొచ్చినయ్?" అని అడుగుతూనే ఉంది.

రమ ఇప్పుడు ఇంటి కిందే జిరాక్స్, డీటీపీ దుకాణం నడుపుతోంది. డిగ్రీ పిల్లలు ఉద్యోగాలకు పంపే కవర్ లెటర్లన్నీ ఆమె చేతి మీదుగానే వెళతాయి. ఇంగ్లిషులో 'చురుకైనవాడు, కష్టజీవి, బృందంతో కలిసి పనిచేయగలవాడు' అన్న ముక్క ఆమె ఎన్నిసార్లు కొట్టిందంటే, ఆ అక్షరాల మీద రంగు పోయి ఇప్పుడు కీబోర్డు మీద ఏ అక్షరం ఏదో ఆమెకు, దేవుడికి మాత్రమే తెలుసు.

ఒక మధ్యాహ్నం సదానందం దుకాణంలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఓ కవర్ లెటర్ కొట్టు బిడ్డా."

"ఎవరికి మామయ్యా?"

"నాకే."

వీధి చివరి సర్కారు బడి గేటుకు కాగితం అంటించారట. సాయంత్రం పూట, లెక్కల్లో వెనకబడిన పిల్లలకు జీతం లేకుండా చెప్పడానికి మనుషులు కావాలి. వయసు, చదువు, అనుభవం, ఫోన్ నంబరు రాసి, ఎందుకు రావాలనుకుంటున్నారో ఒక ఉత్తరం జత చేసి శనివారం లోపల ఇవ్వాలి.

రమ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. "మామయ్యా, లెక్కలు చెప్పుడంటే అంకెలు చెప్పాలె. నోటితోని."

"నోటితోనే అని ఆ కాగితంల ఉన్నదా?"

"లేదు గని…"

"మరి? కొట్టు."

"ఇంట్ల ఏం తక్కువైంది మామయ్యా మీకు?"

సదానందం తువ్వాల మడత విప్పి మళ్లీ వేశాడు. "మార్కెట్ ఇడిసిపెట్టినంక అందరి చేతులు నేనే పట్టుకుంటాన బిడ్డా. నా చెయ్యి పట్టి బేరమాడెటోడే లేడు. వేళ్లు మొద్దు బారుతానయ్." వేళ్లు విరుచుకుని, "మీ అత్త చెయ్యి పట్టుకుంటే పిండి అంటుతది, గది వేరే ముచ్చట" అన్నాడు.

రమ నవ్వింది కానీ కొత్త పేజీ తెరిచింది. ఈ ఉత్తరం నెగ్గకపోతే ఆయన రేపటి నుంచి తన దుకాణంలోనే కూర్చుంటాడన్న భయం కొంత, ఆ ముఖం చూడలేకపోవడం కొంత. దుకాణంలో జిరాక్స్ కోసం వచ్చిన పిల్లలు కొందరు నిలబడి ఉన్నారు.

"వయసు?"

సదానందం ఆ పిల్లల వైపు చూసి గొంతు తగ్గించాడు. "సరిపోయినంత, అని రాయి."

"అట్ల రాయద్దు మామయ్యా. చదువు? ఎన్నో తరగతి దాక?"

"గదిగూడ అంకెనే గద!"

"అనుభవం ఎన్నేండ్లు?"

"మస్తు, అని రాయి. మస్తు అంటే అంకె గాదు."

చివరికి తయారైన ఉత్తరం ఇది:

'గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయురాలు గారికి నమస్కారములు. నా వయసు సరిపోయినంత. నా చదువు ఉండవలసిన దానికంటే కొంచెం తక్కువ, మా తమ్ముని కంటే కొంచెం ఎక్కువ. మిర్చి వ్యాపారంలో మస్తు అనుభవం కలదు. నా రెండు చేతులు ఖాళీగా ఉన్నందున రాదలచితిని. పిల్లలను కొట్టను. గట్టిగా అరవను. మిగతా వివరములు తువ్వాలతో స్వయంగా వచ్చి తెలుపగలను.'

"మామయ్యా, దొరికిండ్రు! రెండు చేతులు అని అంకె చెప్పిండ్రు!"

"చేతులు అందరికి కనపడుతయ్ బిడ్డా. కనపడేదానికి పరదా ఏంది?"

ఫోన్ నంబరు దగ్గర మాత్రం రమ పట్టుబట్టింది. నంబరు లేకుండా ఉత్తరం ఇస్తే మేడం ఎవరిని పిలవాలి? సదానందం తువ్వాల కప్పాడు. రమ ఎడమచెయ్యి తువ్వాల కింద, కుడిచెయ్యి కీబోర్డు మీద. ఆయన వేలు, రెండు వేళ్లు, పిడికిలి, మళ్లీ వేళ్లు నొక్కుతూ పోతుంటే ఆమె టకటకా కొట్టింది. పక్కన చూస్తున్న డిగ్రీ పిల్లాడొకడు, "అంకుల్, నాది గూడ చూసి చెప్తరా? గవర్నమెంట్ నౌకరి ఉన్నదా?" అని చెయ్యి చాపాడు.

ఉత్తరం వెళ్లింది. రెండు రోజులు సదానందం ఫోన్ ముందు కూర్చున్నాడు. అది మోగలేదు. మోగింది వేరే ఫోన్.

ఎవరి నంబరు వారికి నోటికి రాదు కదా, తనకు తాను ఎవరు ఫోన్ చేసుకుంటారు? సదానందం వేళ్లకు కంఠస్థమైన నంబరు ఒక్కటే, ఏళ్ల తరబడి సీజన్‌లో రోజూ తాను కొట్టిన నంబరు, మరిపెడ పోశయ్యది. పోశయ్య మిర్చి రైతు. ఆయన వేళ్లు ఆ నంబరే నొక్కాయి, రమ అదే కొట్టింది. హెడ్‌మిస్ట్రెస్ భారతి మేడం ఫోన్ చేస్తే మరిపెడలో మిరప చేను మధ్య మోగింది. ఆ సంభాషణను మేడమే రమకు తర్వాత చెప్పింది.

"సదానందం గారేనా?"

"కాదు, పోశయ్యను. మిర్చి తెంపుతున్నం, జెల్ది చెప్పుండ్రి."

"ఇది సదానందం గారి నంబరని ఇచ్చారే?"

"సదానందం ఇచ్చిండా? అయితే ఈ నంబరే కరెక్టు. ఆయన లెక్క తప్పడు."

"అది కాదండీ… ఆయన ఎలాంటి మనిషి?"

"ఎందుకు మేడం, సంబంధమా? ఆయనకు పెండ్లయి మనుమలున్నరు."

"పిల్లలకు లెక్కలు చెప్పడానికి!"

"ఓ, గట్లనా. ఇనుండ్రి మేడం. ఓ ఏడు వానకు నా మిర్చంత తడిసి మచ్చలు పడ్డది. మా ఊరోళ్లంత అక్కడ్నే నిలబడ్డరు, నా బావమర్ది సుతం. ఎంతకు పోతదా, వీని ఇజ్జత్ ఎట్ల పోతదా అని. సదానందం తువ్వాల కప్పిండు."

"ఎంతకు పోయింది?"

"గదే మేడం! మా బావమర్ది గూడ గిప్పటికి గదే అడుగుతాండు."

భారతి మేడం ఫోన్ పెట్టేసి ఉత్తరం ఇంకోసారి చదివి, నంబరు సరిచేసుకుని సోమవారం వచ్చి ఒక క్లాసు చెప్పి చూపించమని మనిషి చేత కబురు పంపింది.

సోమవారం రమ ఆయన్ని స్కూటీ మీద తీసుకెళ్లింది. వీధి చివరి బడికి స్కూటీ ఎందుకంటే, సదానందం కొత్త తువ్వాల కొనాలన్నాడు కనుక. చౌరస్తాలో ఎర్ర సిగ్నల్ పడింది. పైన సెకన్లు తగ్గుతూ పెద్ద పెద్ద అంకెలు. సదానందం కళ్లు మూసుకున్నాడు.

"ఏమైంది మామయ్యా?"

"నడిబజార్ల అంకెలు ఎట్ల ఇడిసిపెట్టిండ్రో సూడు. ఎవని బతుకుల ఎంత టైమున్నదో అందరు చదువుతాండ్రు."

బళ్లో ఏడో తరగతి. సగం మంది బెంచీల మీద, సగం మంది బెంచీల కింద. ఆయన నంబరు సరిచేసి కొట్టిన ఉత్తరం పట్టుకుని రమ కిటికీ దగ్గర నిలబడింది. ఆయన బోర్డు మీద రెండు అని రాసి, అది చదవకుండా గంట సేపు నిలబడితే ఏం చెయ్యాలి? భారతి మేడం దిద్దిన పరీక్ష పేపర్ల కట్ట ఆయన చేతికిచ్చింది.

"మొదట ఇవి పంచండి. మా దగ్గర పేరు, మార్కులు గట్టిగా చదివి ఇవ్వడం అలవాటు."

రమ కళ్లు మూసుకుంది. అయిపోయింది, అనుకుంది. ఇక రేపటి నుంచి స్టూలు, మామయ్య.

చివరి బెంచీలో ఒక అమ్మాయి అప్పుడే లేచి నిలబడింది. పేరు కావ్య. రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. "సార్, కడుపు నొస్తాంది. ఇంటికి పోత."

"పేపర్లిచ్చే రోజు దానికి ఎప్పుడూ నొప్పే సార్!" అన్నాడు ముందు బెంచీ కుర్రాడు. అతను సాయికిరణ్, ఆ క్లాసు ఫస్టు. అందరూ నవ్వారు.

సదానందం కట్టలో కావ్య పేపరు వెతికి తీసుకుని నేరుగా చివరి బెంచీకి వెళ్లాడు. "చెయ్యి తే బిడ్డా. నొప్పి ఎంతున్నదో చూస్త."

కొత్త తువ్వాల ఆ చిన్న చేతి మీద పడింది. క్లాసు మొత్తం బెంచీలెక్కింది. సదానందం వంగి ఆ పిల్ల చెవిలో వేళ్ల లెక్క చెప్పి, నొక్కాడు. కావ్య ముఖం వాడిపోయింది. తర్వాత చుట్టూ చూసింది. అందరూ తువ్వాల వైపే చూస్తున్నారు కానీ ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ సంగతి అర్థమవుతున్న కొద్దీ పొట్ట మీంచి రెండో చెయ్యి కిందికి దిగింది.

"గంతేనా సార్?"

"గంతే. తెలిసేది నీకు, నాకు, పేపర్ దిద్దిన మేడంకు. ఇగ నువ్వు చెప్పు, వచ్చే వారం ఎంత పెంచుతవ్? బేరమాడు."

కావ్య ఆలోచించి నొక్కింది.

"గింతేనా? నాకు గిట్టదు బిడ్డా. పెద్ద మనిషిని, బడి దాక నడిచొచ్చిన" అన్నాడు, స్కూటీ సంగతి దాచి.

ఇంకోసారి నొక్కింది. గోటితో గీరింది కూడా.

"గోరు గూడ కలిపినవా! అబ్బో, ఎనుమాములల్ల ఉండాల్సినదానివి." తువ్వాల ఎత్తి భుజాన వేసుకుని ప్రకటించాడు. "బేరం ఖాయం!"

"ఎంత సార్? ఎంత?" అని క్లాసంతా అరిచింది.

"ఖాయమన్న గద!"

అంతే. పిల్లలందరూ చేతులు చాపి మీద పడ్డారు. "సార్ నాది! నాకు ఫస్టు!" పేపరు పేపరుకు తువ్వాల, నొక్కుడు, చెవిలో గుసగుస, బేరం, నవ్వు. లెక్కలంటే బెంచీ కింద దూరే పిల్లలు తమ మార్కుకు ఎంత కలిపితే పాసవుతుందో వేళ్ల మీద లెక్క పెట్టుకుని మరీ వచ్చి బేరమాడుతున్నారు. తనకెన్నొచ్చాయో కావ్య పక్కపిల్లకు చెప్పలేదు. కానీ కడుపునొప్పి సంగతి పూర్తిగా మరిచిపోయింది.

ఒక్క సాయికిరణ్ మాత్రం అలిగాడు. "సార్, నాది గట్టిగా చదువుండ్రి. నాకు ఎక్కువొచ్చినయ్."

"నా దగ్గర ఎక్కువైనా తక్కువైనా తువ్వాల కిందికెల్లే. చెయ్యి తే."

"అట్లయితే ఫస్టొచ్చి ఏం లాభం సార్?" అని వాడు బెంచీ మీద తలవాల్చేశాడు. సదానందం వాడితో కూడా బేరమాడి, వచ్చే వారానికి అర మార్కు పెంచి వదిలాడు.

భారతి మేడం నవ్వు ఆపుకుంటూ ఉత్తరం ముందు పెట్టుకుంది. "రేపటి నుంచి వచ్చేయండి సదానందం గారూ. కానీ రిజిస్టర్‌లో వయసు రాయాలి. ఇక్కడ 'సరిపోయినంత' అని ఉంది. అది నేను రాయలేను."

సదానందం తలుపు వేసి వచ్చి తువ్వాల కప్పాడు. మేడం చెయ్యి పెట్టింది. ఒక్క క్షణం తర్వాత కెవ్వుమంది.

"అంతా?! మీకా? కనబడరే!"

"మేడం! సప్పుడు చేయకుండ్రి! మా ఇంటామెకే తెల్వదు."

మేడం రిజిస్టర్‌లో ఏదో రాసి, చేత్తో మూసి, బీరువాలో పెట్టి తాళం వేసింది.

తిరిగి వస్తుంటే అదే చౌరస్తా, అదే ఎర్ర సిగ్నల్. రమకు పెళ్లిచూపుల హాలు గుర్తొచ్చింది. మేనత్త గొంతు, వాళ్లమ్మ మురుకులు, చేతి మీద పడ్డ తువ్వాల బరువు. ఆ రోజు మామగారి పిచ్చి చూసి నవ్వాపుకోలేక చచ్చిపోయానని ఆమె అందరికీ చెబుతుంది. తువ్వాల కింద మామగారి వేళ్లను గట్టిగా పట్టుకున్నానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు తాను నొక్కిన అంకెకు, పాసు మార్కుకు దూరపు చుట్టరికం కూడా లేదు.

"మామయ్యా" అంది వెనక్కి తిరక్కుండా. "ఆ రోజు పెండ్లిచూపులల్ల నేను నొక్కిన అంకె యాదికున్నదా? మర్చిపోయిండ్రు గద?"

సిగ్నల్ మీద అంకెలు తగ్గుతున్నాయి. ఆయన మళ్లీ కళ్లు మూసుకుని ఉన్నాడేమో అనుకుంది. అంతలో హ్యాండిల్ మీది ఆమె చేతి మీద కొత్త తువ్వాల వచ్చి పడింది. దాని కింద ముసలి వేళ్లు ఆమె వేళ్లు పట్టుకుని నెమ్మదిగా, తప్పు పోకుండా నొక్కాయి. ఒక్క మార్కు అటూ ఇటూ లేదు. చివర్లో గోటితో ఓసారి గీరాయి.

"గా సగం ఎక్కడిది మామయ్యా? నాకు సగం రాలే."

"గది నా దిక్కుకెల్లి కలిపిన బిడ్డా. అప్పుడు కలుపుడు మర్చిపోయిన."

పచ్చ లైటు పడింది. వెనక ఆటోలు హారన్లు మోగిస్తున్నాయి. రమ నవ్వుతూ స్కూటీని నడిచౌరస్తాలో ఆపేసి ఉంచింది కాబట్టి తిట్లు కూడా పడ్డాయి. ఆ తిట్లన్నీ ఇక్కడ రాయొచ్చు. ఆ అంకె ఎంతో మాత్రం రాయడం కుదరదు. మరీ తెలుసుకోవాలని ఉంటే, ఇటు చెయ్యి తెండి.